పేరు మారితే పన్ను మారుతుంది

(బోధన్‌లో మన సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం. చదవడానికి వీలుగా కొద్దిగా కుదించి ఇస్తున్నాం.)



ఇవ్వాళ టమాటా మీద దిగుమతి సుంకం గురించి మాట్లాడతానని చెప్పగానే ముందు వరుసలో కూర్చున్న మా కాక నవ్విండు. "చెరుకు ఫ్యాక్టరీ మూతపడె, పసుపు ధరకు నిలకడ లేకపాయె, నువ్వు టమాటా పట్టుకొచ్చినవారా" అన్నడు. కాక మాట తప్పు కాదు. మన దగ్గర టమాటా అంటే బోరు కింద అరెకరం, పావు ఎకరం. ఇంటి ఆడవాళ్ళు తెంపి గంపలకెత్తి నిజామాబాద్ మార్కెట్‌కు పంపే పంట. కానీ టమాటా విషయంలో ఓడరేవు దగ్గర జరిగేది తెలుసుకుంటే, పసుపుకు, మక్కలకు రేపు ఏం జరగవచ్చో అర్థమవుతుంది. అందుకే ఎంచుకున్నాను. కాక, చివరిదాకా విని అప్పుడు తిట్టు.

మొన్న మా ఇంట్లో పిల్లలు టమాటా కెచప్ సీసా తెచ్చుకున్నారు. నాకు ఏ సీసా దొరికినా వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివే అలవాటు. నీళ్ళు, చక్కెర, టమాటా పేస్టు అని రాసి ఉంది. టమాటా అని లేదు, టమాటా పేస్టు అని ఉంది. ఆ పేస్టు ఎక్కడిది? మదనపల్లె టమాటాదా, ఇంకో దేశం నుంచి డ్రమ్ముల్లో వచ్చిందా? సీసా మీద ఎక్కడా లేదు. అక్కడ మొదలైంది ఈ వెతుకులాట.

ముందు మనకు తెలిసిన సంగతితో మొదలుపెడదాం. నిజామాబాద్ యార్డుకు పసుపు తీసుకుపోతాం. ఒకే చేను, ఒకే గడ్డ, ఒకే కడాయిలో ఉడికింది. యార్డులో అది కొమ్ము అయితే ఒక ధర, మండ అయితే ఒక ధర, చూర అంటే ఇంకో ధర. ఒకసారి నా కుప్పలో చెయ్యి పెట్టి చూసిన కొనుగోలుదారు "ఇందులో చూర ఎక్కువుంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా ఏడాది కష్టం ధర మారిపోయింది. సరుకు మారలేదు, పేరు మారింది. పేరు పెట్టింది నేను కాదు.

చెరుకు సంగతీ అంతే. శక్కర్‌నగర్‌కు బండ్లు తోలినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. చెరుకు ధరను రికవరీతో ముడిపెట్టారు. 2025-26 సీజన్‌కు కేంద్రం ప్రకటించిన ధర క్వింటాలుకు 355 రూపాయలు. అది 10.25 శాతం రికవరీ మీద లెక్క. ఆ శాతం తేలేది ఫ్యాక్టరీ లోపల, మన చేను గట్టు మీద కాదు. అంటే పేరు, శాతం, ఈ రెండింటితోనే మన బతుకు నడుస్తున్నది. ఓడరేవులో కూడా ఈ రెండే పనిచేస్తాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బయటి దేశం నుంచి ఏ సరుకు దిగినా దాని మీద ఎంత సుంకమో 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం పట్టికలో ఉంటుంది. ఆ పట్టికలో ప్రతి సరుకుకూ ఎనిమిది అంకెల కోడ్. మందుల దుకాణం బిల్లు మీద హెచ్‌ఎస్‌ఎన్ అని ఒక నంబర్ చూస్తారు కదా, దాని కుటుంబమే ఇది. మొదటి రెండు అంకెలు అధ్యాయం. నాలుగు అంకెలు శీర్షిక. ఆరు అంకెల దాకా ప్రపంచమంతా ఒకటే. బ్రస్సెల్స్‌లో ఉన్న ప్రపంచ కస్టమ్స్ సంస్థ వాటిని చూసుకుంటుంది. చివరి రెండు అంకెలు మన దేశం పెట్టుకున్నవి.

మరి టమాటా ఎక్కడుంది? ఒక్కచోట లేదు. అదే మనం గమనించాల్సింది.

పచ్చి టమాటా 0702. కోసి ఎండబెట్టినా, పొడి కొట్టినా, ఇంకే తయారీ చేయకపోతే ఎండు కూరగాయల శీర్షిక 0712. సిర్కా లేకుండా నిల్వకు తయారుచేసిన టమాటా, అంటే డబ్బాలో ముక్కలు, ప్యూరీ, పేస్టు, ఇవన్నీ 2002. సిర్కాలో నిల్వ చేస్తే 2001. రసం అయితే 2009. కెచప్, టమాటా సాస్ అయితే 2103. సూప్ అయితే 2104. ఒక్క కాయకు ఏడు పేర్లు, ఏడు తలుపులు. సరుకు ఏ తలుపు నుంచి లోపలికి వస్తుందో దాన్ని బట్టి సుంకం.

రసానికీ పేస్టుకూ మధ్య గీత ఎక్కడ గీశారు? ఇరవయ్యో అధ్యాయం నోట్స్‌లో ఒక వాక్యం ఉంది. టమాటా రసంలో నీళ్ళు పోగా మిగిలే ఎండు పదార్థం 7 శాతం, అంతకంటే ఎక్కువ ఉంటే అది రసం కాదు, 2002 కిందికి పోవాలి. 7 లోపు ఉంటే రసం. రికవరీ శాతం లాగానే ఇది కూడా ల్యాబులో తేలే అంకె.

ఆ గీతకు ఎంత విలువో చూడండి. 2018 బడ్జెట్‌లో పండ్ల రసాలు, కూరగాయల రసాల మీద సుంకాన్ని 30 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. నారింజ రసానికి మాత్రం 35 శాతం పెట్టారు. మంచిదే. కానీ పేస్టు ఉన్న 2002 శీర్షికను పెంచలేదు. అది 30 శాతం దగ్గరే ఉండిపోయింది. అదే బడ్జెట్‌లో సుంకం మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి వచ్చింది. అది కూడా కలిపి లెక్క వేద్దాం. వంద రూపాయల రసం దిగితే 50, దాని మీద 5, మొత్తం 155 అవుతుంది. వంద రూపాయల పేస్టు దిగితే 30, దాని మీద 3, మొత్తం 133. తేడా 22 రూపాయలు. జీఎస్టీ వేరే ఉంటుంది, వ్యాపారి దాన్ని తన లెక్కలో వెనక్కు సర్దుకుంటాడు.

ఇక్కడ ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, టమాటా రసం ఎవరు తాగుతారు మన దేశంలో?" సరైన ప్రశ్న. తాగేవాళ్ళు తక్కువ. టమాటా రైతుకు పోటీ రసంతో కాదు, పేస్టుతో. మన కూర టమాటాలో ఎండు పదార్థం సుమారు 5 శాతం. మిగతాదంతా నీళ్ళే. చిక్కటి పేస్టులో 30 శాతం దాకా ఉంటుంది. అంటే ఒక కిలో పేస్టు వెనక ఆరు కిలోల టమాటా ఉంది. 20 టన్నుల కంటెయినర్ ఒకటి దిగిందంటే 120 టన్నుల టమాటా దిగినట్టు. మనం నింపే 25 కిలోల బాక్సుల లెక్కన 4,800 బాక్సులు. అన్ని బాక్సులు లారీల్లో వరుసగా వస్తే రోడ్డు మీద అడ్డం కూర్చునేవాళ్ళం. డ్రమ్ముల్లో వస్తే కంటికి కనపడదు. పైగా మన టమాటా నాలుగు రోజుల్లో కుళ్ళుతుంది, డ్రమ్ములో పేస్టు నెలల తరబడి ఉంటుంది. కాలిఫోర్నియా, చైనా, ఇటలీ, ఈ మూడు చోట్ల ఎక్కువ పేస్టు తయారవుతుంది. అక్కడ పంట ఎక్కువై ధర పడ్డ ఏడాది, ఇక్కడి ఫ్యాక్టరీకి మదనపల్లె మార్కెట్‌లో వేలం పాడాల్సిన అవసరం తగ్గుతుంది.

అంటే 2018లో కుళాయి బిగించి కాలువ గేటు అట్లనే వదిలేశారన్నమాట. కావాలని చేశారని నేను అనను. అప్పుడు రైతుల తరఫున 2002 అనే అంకె పట్టుకుని అడిగినవాళ్ళం మనలో ఎందరం? నాకైతే ఆ అంకె అప్పుడు తెలియదు.

నిజం ఇంకోటి కూడా చెప్పుకోవాలి. ఫ్యాక్టరీలు పేస్టు దిగుమతి చేసుకునేది రైతు మీద పగతో కాదు. మన టమాటా కూరకు పెంచిన రకం, నీళ్ళు ఎక్కువ. పేస్టుకు కండ ఎక్కువున్న రకాలు కావాలి, ఏడాది పొడుగునా ఒకే తీరు సరుకు కావాలి. ఆ విత్తనం, ఆ ఒప్పందం, ఆ గిట్టుబాటు మనకు ఇచ్చేవాళ్ళు ఉంటే మనం పండించలేమా? టమాటా, ఉల్లి, ఆలుగడ్డల కోసం అదే 2018 బడ్జెట్‌లో 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించారు. ఒక చేత్తో ఇక్కడ తయారీ పెంచుతామని, ఇంకో చేత్తో పేస్టు తలుపు పాత సుంకం దగ్గరే. రెండు చేతులూ ఒక్క మనిషివే, కలిసి పనిచేయాలి కదా.

మరి పేరు పెట్టేది ఎవరు? మొదట దిగుమతిదారే కాగితం మీద రాస్తాడు. కస్టమ్స్ అధికారి ఒప్పుకోకపోతే తగాదా. అది కోర్టు దాకా పోతుంది. ఇది కొత్త సంగతి కాదు. అమెరికాలో 1883 చట్టం ప్రకారం దిగుమతి కూరగాయల మీద 10 శాతం సుంకం, పండ్లకు లేదు. న్యూయార్క్‌లో నిక్స్ అనే వ్యాపారి కుటుంబం టమాటా పండే కదా, మా సుంకం వాపసు ఇవ్వండని ఓడరేవు కలెక్టర్ హెడెన్ మీద కేసు వేసింది. 1893లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. శాస్త్రం ప్రకారం పండే కావచ్చు, కానీ జనం దాన్ని భోజనంలో కూరగాయలా తింటారు, భోజనం తర్వాత తీపి పండులా కాదు, కాబట్టి కూరగాయే అన్నది. శాస్త్రవేత్త మాట కాదు, వంటింటి మాట గెలిచింది.

మన దగ్గరా ఉంది. చెరుకు రైతులు ఇది వినాలి. బీహార్‌లో మోతీపూర్ జమీందారీ కంపెనీ, చెరుకు కూడా పచ్చి కూరగాయే, అమ్మకం పన్ను మినహాయింపు ఇవ్వండి అని సుప్రీంకోర్టు దాకా పోయింది. 1962లో కోర్టు ఒప్పుకోలేదు. కూరగాయ అంటే పెరట్లో పండించి వండుకుని తినేది, చెరుకును ఎవరూ కూర వండుకోరు అన్నది సారాంశం. ఇక కొబ్బరి నూనె సంగతి. చిన్న సీసాలో అమ్మితే అది వంట నూనెనా, తల నూనెనా అని ఏళ్ళ తరబడి నడిచిన తగాదా 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టులో తేలింది. సీసా చిన్నదైనంత మాత్రాన తల నూనె కాదన్నది కోర్టు. అదే నెలలో జీఎస్టీ కౌన్సిల్ పాప్‌కార్న్ మీద మూడు రేట్లు చెప్పింది. ఉప్పు కారం వేసి విడిగా అమ్మితే 5, ప్యాకెట్ చేస్తే 12, చక్కెర పాకం పడితే 18 శాతం. అందరం నవ్వుకున్నాం. కానీ ఆ మక్కలు పండించిన మనకు మూడింటిలో ఏ రేటుతోనూ ఒక్క రూపాయి ఎక్కువ రాలేదు.

నేను చూసినంతలో ఒక విషయం తేలింది. ఈ తగాదాల్లో ఒకవైపు కంపెనీ ఉంటుంది, ఇంకోవైపు ప్రభుత్వ శాఖ ఉంటుంది. ఆ పేరు వల్ల లాభపడే, నష్టపోయే రైతు మాత్రం ఆ గదిలో ఉండడు.

ఇంకో తలుపు ఉంది, దేశం తలుపు. సరుకు అదే, కోడ్ అదే, కానీ ఏ దేశం నుంచి వచ్చిందన్న దాన్ని బట్టి సుంకం తగ్గుతుంది, పూర్తిగా పోతుంది కూడా. 2023 వానాకాలం గుర్తు చేసుకోండి. టమాటా ధర ఆకాశానికి పోయింది. జూలైలోనే కేంద్రం జాతీయ వినియోగదారుల సహకార సమాఖ్యతో మదనపల్లె, కోలార్ లాంటి చోట్ల టమాటా కొనిపించి ఢిల్లీలో కిలో 90 రూపాయలతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ అమ్మించింది. ఆగస్టు 10న నేపాల్ నుంచి టమాటా తెస్తున్నామని ఆర్థిక మంత్రి పార్లమెంటులో చెప్పారు. నేపాల్‌తో మన వాణిజ్య ఒప్పందం ప్రకారం వ్యవసాయ ముడి సరుకులకు సుంకం లేదు. తినేవాళ్ళ కష్టం తీర్చొద్దని నేను అనను, మనమూ కొనుక్కు తినేవాళ్ళమే. ధర పెరిగితే నెల రోజుల్లో తలుపు తెరుచుకుంది. ధర పడి టమాటా రోడ్డు మీద పారబోసిన రోజు అదే వేగంతో ఎవరు కదిలారు? నేను అడిగేది అంతే.

ఒప్పందాల్లో సుంకం తగ్గింపు కూడా కోడ్ వారీగానే రాస్తారు. ఆసియాన్ దేశాలతో ఒప్పందం 2010లో అమలులోకి వచ్చింది. ఒక దేశం సరుకు ఇంకో దేశం పేరుతో రాకుండా, సరుకు పుట్టుక ఆధారాలు దిగుమతిదారే చూపాలని 2020 సెప్టెంబర్ నుంచి నియమాలు గట్టి చేశారు. ఆ నియమం పనిచేయాలంటే అడిగేవాళ్ళు ఉండాలి.

ఇప్పుడు మన పసుపు దగ్గరకు వద్దాం. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 170 మందికి పైగా రైతులం నామినేషన్ వేసి పోటీలో నిలబడ్డాం. దేశమంతా మన వైపు చూసింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది. పోరాడితే వస్తుందని రుజువైంది. కానీ మన వినతిపత్రాల్లో ఇప్పటికీ "పసుపు దిగుమతులు ఆపాలి" అనే రాస్తున్నాం. ఏ పసుపు? పచ్చిది, ఎండుది, పొడి, ఈ మూడూ 0910 30 కింద వేరే వేరే చివరి అంకెలతో ఉన్నాయి. పసుపు నుంచి తీసిన ఓలియోరెజిన్ వేరే అధ్యాయం, 3301. పసుపు కలిపిన మసాలా మిశ్రమాలు 2103 కిందికి పోవచ్చు. మనం ఒక తలుపు ముందు నిలబడి నినాదాలు ఇస్తుంటే, సరుకు పక్క తలుపు నుంచి లోపలికి వస్తుంది. టమాటా నేర్పే పాఠం ఇదే, కాక.

మిరియాల రైతులు ఏం సాధించారో చూడండి. 2017 డిసెంబర్‌లో కిలో 500 రూపాయల కనీస దిగుమతి ధర పెట్టించుకున్నారు. సుంకం శాతంతో పని లేకుండా, అంతకంటే తక్కువకు కాగితం మీద ధర రాసి తేవడం కుదరదన్నమాట. ఏ కోడ్ మీద, ఎంత ధర అని తేల్చి అడిగారు కాబట్టి జరిగింది.

ఒక్క హెచ్చరిక. సుంకం ఒక్కటే మనల్ని కాపాడదు. చక్కెర మీద దిగుమతి సుంకం 2018 ఫిబ్రవరి నుంచి 100 శాతం. అంతకంటే ఎత్తైన గోడ ఏముంటుంది? అయినా ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరున్న నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది, ఆ గోడ లేచాక కూడా దాని పొగగొట్టం చల్లగానే ఉంది. గోడ కట్టి లోపల పొయ్యి ఆర్పేస్తే వంట కాదు. టమాటాకైనా, పసుపుకైనా, చెరుకుకైనా ఓడరేవు దగ్గర సరైన సుంకమూ కావాలి, ఊరి దగ్గర నడిచే ఫ్యాక్టరీ కూడా కావాలి. రెండూ కలిపి అడగాలి.

అందుకని మన సంఘం ముందు నాలుగు పనులు పెడుతున్నాను.

ఒకటి, ఇక నుంచి దిగుమతుల మీద మనం రాసే ప్రతి వినతిపత్రంలో కోడ్ ఉండాలి. పేస్టు గురించి అయితే 2002 అని రాయాలి. రసానికి పెంచిన సుంకం పేస్టుకు కూడా పెంచాలని అడగాలి.

రెండు, కేంద్ర వాణిజ్య శాఖ వెబ్‌సైట్‌లో కోడ్ కొడితే ఏ దేశం నుంచి ఎంత సరుకు, ఎంత విలువకు వచ్చిందో ఎవరైనా చూడవచ్చు. మన పిల్లలు ఫోన్‌లో చూడగలరు. ప్రతి మండల కమిటీ నుంచి చదువుకున్న ఒక పిల్లనో పిల్లవాణ్నో పెట్టండి. పసుపు, టమాటా పేస్టు, మక్కలు, ఈ మూడు కోడ్‌ల లెక్క నెలనెలా రాసి ఈ పత్రికకు పంపాలి. యార్డులో ధర పడ్డాక ఏడవడం కంటే, సరుకు ఓడ దిగిన నెలలోనే తెలుసుకోవడం మేలు.

మూడు, సీసా మీద పేస్టు ఏ దేశానిదో రాయాలని అడగాలి. ఇప్పుడున్న లేబుల్ నియమం ప్రకారం సరుకు స్వభావం మారేలా ఏ దేశంలో తయారుచేస్తే అదే దాని పుట్టిల్లు. బయటి పేస్టుతో ఇక్కడ కెచప్ చేస్తే అది మన దేశపు సరుకే. తినేవాళ్ళకు తెలియదు, పండించేవాళ్ళకూ తెలియదు.

నాలుగు, పసుపు బోర్డు ముందుకు పోయేటప్పుడు ఈ తలుపులన్నిటి జాబితా పట్టుకుని పోవాలి. పచ్చి, ఎండు, పొడి, ఓలియోరెజిన్, మసాలా మిశ్రమం. ఒక్కోదానికి సుంకం ఎంత, ఏ దేశానికి మినహాయింపు ఉంది, మన కోరిక ఏమిటి. ఒక పేజీ చాలు.

నేను పదో తరగతి చదివినవాణ్ని. ఆ టారిఫ్ పుస్తకం మొదటిసారి తెరిచినప్పుడు నాకూ తలనొప్పి వచ్చింది. కానీ పాసుబుక్కులో సర్వే నంబరు, పహాణీలో పేరు, విస్తీర్ణం ఒక్క గుంట అటూ ఇటూ అయితే తహసీల్ ఆఫీసు చుట్టూ ఎన్నేళ్ళు తిరుగుతామో మనకు తెలుసు. భూమి నంబరును కంఠతా పెట్టుకున్న రైతుకు సరుకు నంబరు కష్టం కాదు. మన పంటకు వాళ్ళు పెట్టిన పేరేమిటో మనకు తెలియకపోతే, ఆ పేరు మీద రాసే ధర కూడా మన చేతిలో ఉండదు.

కాక, ఇప్పుడు తిట్టవచ్చు. కానీ పోయేముందు ఈ కాగితం జేబులో పెట్టుకో. పసుపు 0910 30, టమాటా పేస్టు 2002. మీ ఊళ్ళో పదిమందికి చెప్పు.

జై కిసాన్.